చింపాంజీల ఇండోర్ ఇల్లు: బయటి దీవి చూసి మార్కులు వేస్తున్నామా?

గడ్డిపరక (ఎడిన్‌బరా)

మన దగ్గర జూల థ్రెడ్ ఏది తెరిచినా, చింపాంజీల వంతు వచ్చేసరికి బయటి దీవి ఫోటోలే. ఎంత పచ్చిక ఉంది, ఎన్ని స్తంభాలు పాతారు, కందకం ఎంత వెడల్పు, ఇవే మాటలు. లోపలి ఇంటి సంగతి ఎవరూ ఎత్తరు. నేనుండే ఊళ్లో డిసెంబర్లో మధ్యాహ్నం మూడుమ్ముప్పావుకే పొద్దు గుంకుతుంది. వాన, గాలి సరేసరి. ఇలాంటి చోట చింపాంజీ బతుకులో సగానికి పైగా ఆ కప్పు కిందే గడిచిపోతుంది. మరి మనం మార్కులు వేస్తున్నది దేనికి?

ఇక్కడి జూలో బుడోంగో ట్రైల్ అనే చింపాంజీల ఇల్లు 2008లో తెరిచారు. ఆ పేరు యుగాండాలోని ఒక అడవిది. అక్కడ జరిగే చింపాంజీల పరిశోధనకు ఈ జూ సొసైటీ ఏళ్లుగా డబ్బు పెడుతోంది. ఇంట్లో మూడు పెద్ద హాళ్లు ఉంటాయి. ఒక్కో దాంట్లో వేడి, తేమ, వెలుతురు వేరువేరు. ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో చింపాంజీ ఇష్టం. హాళ్ల మధ్య సొరంగాల్లాంటి దారులు, బయటికి వేరే దారి. 40 వరకు ఉండొచ్చని లెక్కేసి కట్టారు.

మీరు చూసిన వాటిలో ఇండోర్ ఏది బాగుంది, ఎందుకు బాగుంది? ఫోటోలు తర్వాత, ముందు కారణం రాయండి.

పాతబస్తీ_పావురం

అన్నా, 40కి కట్టి అందులో సగం పెడితే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. జనం ఫుల్లుగా ఉన్నప్పుడు ఎలా ఉందో చెప్పు.

గడ్డిపరక

న్యాయమైన మాటే. కానీ ఆ ఖాళీయే ఒకసారి పనికొచ్చింది. 2010లో నెదర్లాండ్స్‌లోని ఒక సఫారీ పార్క్ నుంచి 11 చింపాంజీలు వచ్చాయి. ఇక్కడి గుంపుకీ వాటికీ ముఖపరిచయం లేదు. ఒకేసారి కలిపేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. గదులు, తలుపులు, దారులు ఎన్నో ఉన్నాయి కాబట్టే మెల్లగా కలపగలిగారు. ఆ వచ్చినవి ఆపిల్ చూసి చేసే శబ్దం కొన్నేళ్లలో ఇక్కడి వాటి శబ్దంలాగా మారిందని 2015లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. దాని మీద వేరే శాస్త్రవేత్తలు గట్టిగానే వాదించారనుకోండి. అది వేరే థ్రెడ్.

డెల్టా_శ్రీను (నెదర్లాండ్స్)

నెదర్లాండ్స్ పేరు వచ్చింది కాబట్టి దూరుతున్నా. ఆర్నెమ్‌లోని బర్గర్స్ జూకి మా ఇంట్లో అందరికీ ఏడాది పాస్ ఉంది. అక్కడి చింపాంజీ గుంపు 1971 నాటిది. కోతుల ప్రవర్తన మీద పనిచేసిన శాస్త్రవేత్త ఫ్రాన్స్ డి వాల్‌కి పేరు తెచ్చిన పరిశోధనలు వీటి మీదే.

రెండు సంగతులు చెప్తా, రెండూ ఇండోర్‌వే. మొదటిది: చలికాలం హాలు వేసవి దీవిలో దాదాపు 20వ వంతు. అంత ఇరుకులో కొట్టుకు చస్తాయని ఎవరైనా అనుకుంటారు. 1982లో లెక్కలు తీసి చూస్తే తగాదాలు పెరిగాయి గానీ రెట్టింపు కూడా కాలేదు. దాంతోపాటు ఒకదానికొకటి వెంట్రుకలు సవరించుకోవడం, పెద్దదాని ముందు తలొంచి సలాము కొట్టడం కూడా పెరిగాయి. ఇరుకు వచ్చిందని అవి మర్యాదలు పెంచుకున్నాయన్నమాట.

రెండోది 1980లో జరిగింది. లూయిట్, నిక్కీ, యెరూన్ అనే మూడు మగవి ఒక రాత్రి ఒకే నైట్ కేజ్‌లో ఉన్నాయి. విడదీయాలని చూసినా అవి విడిపోలేదు. తెల్లారి చూస్తే లూయిట్ నెత్తుటి మడుగులో ఉన్నాడు. ఆపరేషన్ చేశారు, బతకలేదు. పగలంతా దీవి మీద ఎన్ని తగవులు పడ్డా ఎవడూ చావలేదు, పారిపోయే చోటుంది, అడ్డం పడే ఆడవి ఉన్నాయి. రాత్రి కేజ్‌లో ఆ రెండూ లేవు. దీవి ఎంత పెద్దదైతే ఏం లాభం?

సిమెంటు_సత్తి

నేను బిల్డింగులోణ్ని, జంతువుల సంగతి అంతంత మాత్రం. ఒక డౌట్. తలకి ఇన్ని అడుగులని ఎక్కడైనా కొలత ఉందా?

నేపర్‌విల్_నాగమణి (ఇల్లినాయ్)

ఉంది తమ్ముడూ, కానీ జూల కోసం కాదు. అమెరికాలో ల్యాబుల్లోని చింపాంజీలను ఎలా ఉంచాలో చెప్పమని అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఒక కమిటీ వేసింది. 2013లో వాళ్లు 28 సిఫార్సులు ఇచ్చారు. గుంపులో కనీసం 7 ఉండాలి, ఎక్కడానికి 20 అడుగుల ఎత్తు ఉండాలి, ఏడాది పొడుగునా బయటికి పోయే వీలుండాలి, రోజూ పక్క కట్టుకోడానికి సరుకు ఇవ్వాలి, తలకి 1000 చదరపు అడుగులు ఉండాలి. ఎన్‌ఐహెచ్ 27 ఒప్పుకుంది. ఆగిపోయిన ఆ ఒక్కటి ఏదో మీరే చెప్పగలరు. తర్వాత 250 చదరపు అడుగుల దగ్గర తేల్చారు.

సిమెంటు_సత్తి

అంటే అడిగింది 111 గజాలు, ఇచ్చింది 28 గజాలు! మా అపార్ట్‌మెంట్‌లో యూడీఎస్ (ఫ్లాట్‌కి వచ్చే నేల వాటా) అంతకంటే ఎక్కువ వస్తుంది. 😀

సరే, జోకు పక్కన పెడితే, చదరపు అడుగులు తప్పు కొలత అని నా అభిప్రాయం. ఎక్కే జంతువుకి ఘనపుటడుగులు చూడాలి. అందులోనూ వాడగలిగినవే లెక్కలోకి రావాలి. ముప్పై అడుగుల ఎత్తు హాలు కట్టి మధ్యలో రెండు దూలాలు వేస్తే మిగతాది గాలికి కట్టిన ఇల్లే.

నేపర్‌విల్_నాగమణి

కరెక్ట్‌గా పట్టుకున్నావు. షికాగోలో లింకన్ పార్క్ జూ ఉంది, టికెట్ లేదు, అందుకే చుట్టాలు ఎవరు వచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. పాత గ్రేట్ ఏప్ హౌస్ 1976లో కట్టింది. దాన్ని వదిలేసి 2004లో కొత్తది తెరిచారు. అక్కడ స్టీవ్ రాస్ అనే ఆయన, 2022లో పోయారు పాపం, చింపాంజీలూ గొరిల్లాలూ ఇంట్లో నిజంగా ఎక్కడ కూర్చుంటున్నాయో గుర్తులు వేసి లెక్కలు తీశారు. చింపాంజీలు ఎక్కువగా పై అంతస్తుల్లో ఉన్నాయి, గొరిల్లాలు కింద. రెండిటికీ గుమ్మాల దగ్గర, మూలల్లో, జాలీ పక్కన కూర్చోవడం ఇష్టం. నడిహాల్లో, మనకి బాగా కనబడే ఖాళీ జాగాలో తక్కువ.

నాకు ఆ గుమ్మం సంగతే భలే అనిపిస్తుంది. అక్కడ కూర్చుంటే రెండు గదులూ కనిపిస్తాయి, ఎవడు ఎటు వస్తున్నాడో తెలుస్తుంది, తేడా వస్తే రెండో వైపు దూకొచ్చు.

పాత_కీపరు

నాగమణమ్మ గుమ్మం గురించి రాసింది చూసి నా ఊరకుండలేనితనం బయటపడింది. జూ పేరు రాయను, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇబ్బంది. రిటైరై చాలాకాలమైంది.

మా దగ్గర ఒక ముసలి ఆడది ఉండేది. సాయంత్రం లోపలికి పిలిచి తలుపు వేసే వేళకి సరిగ్గా గుమ్మంలో కూర్చునేది, ఒక కాలు స్లైడింగ్ డోర్ పట్టాలో పెట్టుకుని. కాలు పట్టాలో ఉంటే నేను తలుపు మూసే లీవర్ లాగలేనని దానికి బాగా తెలుసు. జామకాయ చూపిస్తే చెయ్యి చాచి తీసుకునేది, తినేది, గింజలు నా వైపే ఉమ్మేది. కాలు మాత్రం తీసేది కాదు. ఒక్కోరోజు ముప్పావుగంట అలాగే. నా డ్యూటీ అయిపోయి, బస్సు పోయి, టెన్షన్ నాకు. దానికేం?

లోపల ఏముందో మీకు చెప్తే అది ఎందుకు కూర్చునేదో అర్థమవుతుంది. నాలుగు గోడలు, సిమెంటు అరుగు, ఒక నీళ్ల కుండీ, పైన వెంటిలేటరు. గడ్డి వేస్తే డ్రెయిన్ మూసుకుపోతుందని వేయనిచ్చేవాళ్లు కాదు. ఒకటే తలుపు. సాయంత్రం ఐదింటికి మూస్తే పొద్దున కడగడం, పైవాళ్ల రౌండ్ అయ్యాకే తెరవడం. లెక్కేసుకోండి, రోజులో పదహారు గంటలు. జనం చూసి మెచ్చుకునే క్రాల్ (బయటి ఆవరణ) మిగతా ఎనిమిది గంటలకే.

ఇల్లు బాగుందా లేదా అన్నది నేనైతే ఒకే ప్రశ్నతో తేలుస్తా: రాత్రి తలుపులు తెరిచి ఉంచుతారా, మూస్తారా? జంతువు రోజు ఎంతసేపో మా డ్యూటీ టైము నిర్ణయించేది. కట్టడం తర్వాతి మాట.

పాతబస్తీ_పావురం

సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. రాత్రి తెరిచి ఉంచితే పాము దూరదా? ఎవడైనా గోడ దూకి రాడా? తాళాలు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో స్వీడన్‌లో చూశాం కదా. 2022 డిసెంబర్లో ఫురువిక్ జూలో చింపాంజీలు బయటికొచ్చేస్తే నాలుగింటిని కాల్చి చంపారు. బయటికి పోయే వీలుండటం వేరే, ప్రాణం ఉండటం వేరే.

పాత_కీపరు

బాబూ, దీవి మీదికి వదలమని నేననలేదు. పక్కనే పైకప్పు దాకా జాలీ వేసిన చిన్న క్రాల్ ఒకటి కట్టి, ఆ తలుపు మాత్రం రాత్రంతా తెరిచి ఉంచొచ్చు. గదుల మధ్య తలుపులూ అంతే. తాళం మీద నమ్మకం లేకపోతే పగలైనా ప్రమాదమే.

ఇంకోటి. ప్రతి గదికీ రెండు తలుపులు ఉండాలి. ఒకే తలుపుంటే బలమైనవాడు దానికి అడ్డంగా కూర్చుంటాడు, లోపలున్నదానికి ఆ రాత్రి జాగారమే. శ్రీను చెప్పిన లూయిట్ కథ వింటే నాకు మా నైట్ హౌస్ కళ్లముందు కనిపించింది.

పశువైద్యం_గన్నవరం

పెద్దాయన గడ్డి, డ్రెయిన్ అన్నారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రోజూ కడిగే నున్నటి సిమెంటే శుభ్రం అని మన దగ్గర ఒక నమ్మకం పాతుకుపోయింది. 1982లోనే 8 ప్రైమేట్ (కోతి, వానర) జాతుల మీద పరిశీలించి చూశారు: నేల మీద మందంగా చెక్కపేళ్లు పరిచి, అందులో గింజలు చల్లితే, జంతువులు ఎక్కువసేపు వెతుక్కుంటూ గడిపాయి, కొట్లాటలు తగ్గాయి. పరుపు పాతబడేకొద్దీ అందులో హానిచేసే బ్యాక్టీరియా బతకడం కష్టమైంది. అంటే రోజూ కడగక్కర్లేదు. యూరప్‌లో ఇప్పుడు చాలాచోట్ల ఇదే పద్ధతి. ఇంగ్లాండ్‌లో హౌలెట్స్ జూ పెట్టిన జాన్ ఆస్పినాల్ అక్కడి గొరిల్లాలకి గడ్డి పరుపు ఎప్పటి నుంచో వేయించాడు.

తడి సిమెంటు మీద పడుకున్న ముసలి చింపాంజీ కీళ్లు ఎలా ఉంటాయో నేను వేరే చెప్పాలా?

అడవిలో చింపాంజీ ప్రతి సాయంత్రం చెట్టు మీద కొమ్మలు వంచి కొత్తగా పక్క కట్టుకుంటుంది. నిన్నటిది ఈరోజుకి పనికిరాదు. తల్లి దగ్గర పెరిగితేనే ఆ పని సరిగ్గా వస్తుంది. జూలో ఎండుగడ్డి, చెక్కతురుము, గోనెలు, కొమ్మలు ఇస్తే ఫైర్ హోస్ (ఫైరింజన్ గొట్టం) ఊయల మీద కూడా పక్క కట్టుకుంటాయి. ముందు అంచు, తర్వాత మధ్య, చివర్లో తల దగ్గర ఒక గుప్పెడు. ఏమీ ఇవ్వకపోతే కొన్ని తమ వెంట్రుకలు తామే పీక్కుంటాయి.

గడ్డిపరక

మేడమ్, ఆ వెంట్రుకలు పీక్కోవడం మంచి ఇళ్లలో కూడా చూశాను. మరి అది ఇంటి తప్పేనా?

పశువైద్యం_గన్నవరం

పూర్తిగా కాదు. 2011లో కెంట్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా, బ్రిటన్‌లలో 6 చోట్ల 40 చింపాంజీలను చూశారు. నలభైలో ప్రతి ఒక్కదానికీ ఏదో ఒక అసహజమైన అలవాటు ఉంది. తన మలం తనే తినడం, ఊగుతూ కూర్చోవడం, ఇలా. పేరున్న జూలే అవి. చిన్నప్పుడు తల్లికి దూరమవడం, ఒంటరిగా పెరగడం వల్ల కొన్ని వస్తాయి, ఇల్లు మారినా పోవు. అందుకే ఒక జంతువుని చూసి ఇంటికి సున్నా మార్కులు వేయకూడదు. ఇల్లు మారాక అదే జంతువు తగ్గించిందా పెంచిందా అన్నది చూడాలి.

ఇంకా రెండు చెప్పి ఆపుతా. గాలి, వెలుతురు. జలుబు మన నుంచి వాటికి అంటుకుంటుంది, మనకి తుమ్ము, వాటికి న్యుమోనియా. 2021లో హైదరాబాద్ జూలో 8 సింహాలకి కోవిడ్ వచ్చింది గుర్తుందిగా. కాబట్టి జనం నిలబడే వైపు అద్దమే మేలు, జాలీ కీపర్ల వైపు ఉండాలి. మామూలు అద్దం కప్పు ఎంత వెలుతురిచ్చినా విటమిన్ డి తయారయ్యే యూవీ-బి కిరణాలను ఆపేస్తుంది. ఈటీఎఫ్‌ఈ అనే పల్చటి పొర కప్పు అయితే వాటిని రానిస్తుంది.

సిమెంటు_సత్తి

మేడమ్, ఈటీఎఫ్‌ఈ అనగానే ఇంకోటి అడగాలి. ప్లాస్టిక్ కప్పులకి మంటల సంగతేంటి?

డెల్టా_శ్రీను

సత్తిగారూ, అడగరాని చోట అడిగారు. క్రెఫెల్డ్ మాకు సరిహద్దు అవతలే, జర్మనీలో. 2020 కొత్త సంవత్సరం వచ్చిన రాత్రి ఎవరో వదిలిన ఆకాశదీపం కోతుల ఇంటి కప్పు మీద పడింది. 1975లో కట్టిన ఇల్లు, పైన యాక్రిలిక్ పలకలు. అవి అంటుకుని కరిగి, మండుతూ లోపలికి కారాయి. ఒరాంగుటాన్లు, గొరిల్లాలు, చింపాంజీ, చిన్న కోతులు, 30కి పైగా కాలిపోయాయి. బాలి, లింబో అనే రెండు చింపాంజీలు మాత్రం బతికాయి. ఆ దీపాలు అక్కడ నిషేధం. వదిలిన తల్లీ ఇద్దరు కూతుళ్లూ వాళ్లంతట వాళ్లే పోలీసుల దగ్గరికి వెళ్లారు.

అప్పటి నుంచి ఏ ఇంట్లోకి వెళ్లినా నేను ముందు కప్పు చూస్తాను, తర్వాత జంతువుల్ని.

చిలకలూరిపేట_చిన్నోడు

ఇంత తిప్పలు పడేకంటే జూల్లో చింపాంజీలే లేకుండా చేస్తే పోదా?

మోడరేటర్

చిన్నోడుగారూ, ఆ వాదనకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ చాలా మంచి చర్చ జరిగింది. ఉన్నవాటిని ఏం చేయాలన్నదే ఇక్కడ విషయం. ఇవి యాభై ఏళ్లు దాటి బతుకుతాయి. ఢిల్లీ జూలో రీటా 2019లో చనిపోయేనాటికి దానికి దాదాపు 59. ఈరోజు నిర్ణయం తీసుకున్నా ఇంకో తరం దాకా ఇళ్లు కావాల్సిందే.

పాతబస్తీ_పావురం

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నెహ్రూ జూలో సూజీ అనే చింపాంజీ ఉండేది, అందరికీ తెలుసు. మీరు చెప్పే చలి హాళ్లు, హీటింగ్ మన దగ్గర ఎందుకు? ఎండాకాలం కూలర్లు, స్ప్రింక్లర్లు పెడతారు, చలికాలం హీటర్లు, దుప్పట్లు ఇస్తారు. పండ్లకి లోటు లేదు. నేను చిన్నప్పటి నుంచి వెళ్తున్నా, ఆ జూ వాళ్లు జంతువుల్ని ప్రేమగానే చూస్తారు.

పశువైద్యం_గన్నవరం

ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ సూజీ ఒంటరిగా ఉండేది. ఆ ఇంట్లో ఏసీ ఉన్నా, ఊయల ఉన్నా, పక్కన ఇంకో చింపాంజీ లేకపోతే నేను పాస్ మార్కులు కూడా వేయను. చింపాంజీకి ఇల్లంటే సగం తోటివాళ్లే. ఇందులో మొహమాటం లేదు.

మన ఎండలకి కూడా ఇండోర్ కావాలి. ఇవి పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి టాంజానియా దాకా ఎక్కువగా అడవి నీడలో బతికేవి. 43 డిగ్రీల మేనెలలో రేకుల కప్పు కింద సిమెంటు గది సాయంత్రానికి కొలిమే. మందపాటి గోడలు, ఎత్తు కప్పు, పైన వేడిగాలి పోయే దారి, రాత్రి తెరిచి ఉండే జాలీ క్రాల్. మన పాత మండువా ఇళ్లు కట్టినవాళ్లకి ఈ లెక్క తెలుసు.

పాతబస్తీ_పావురం

ఒంటరితనం మాట ఒప్పుకుంటా డాక్టరమ్మా. కానీ జత తేవడం అంత తేలికా? విదేశీ జూ ఒప్పుకోవాలి, కాగితాలు, మగదో ఆడదో కుదరాలి, వచ్చాక పడాలి. పడకపోతే విడిగా ఉంచడానికి మళ్లీ గది కావాలి.

పాత_కీపరు

అదే కదా బాబూ మేం మొత్తుకునేది. రెండు చింపాంజీలకి రెండు గదులు కట్టిన చోట జత తేలేరు. ఐదారు గదులు కట్టినచోట తేగలరు. గడ్డిపరక రాసినదాంట్లో 11 వచ్చి కలిశాయంటే ఆ ఖాళీ గదుల పుణ్యమే. ఖాళీ గది చూసి ఆడిట్‌వాళ్లు దండగ అంటారు.

నేపర్‌విల్_నాగమణి

ఇంకో గది కూడా కావాలి, ఎవరూ అనలేదు. బందీగా ఉన్న చింపాంజీల్లో, ముఖ్యంగా మగవాటిలో, గుండె జబ్బు ఎక్కువ. మత్తు ఇవ్వడం దానికి మంచిది కాదు. అందుకని జాలీ దగ్గరికి వచ్చి ఛాతీ ఆనించి నిలబడేలా, గొట్టంలో చెయ్యి పెట్టి రక్తం ఇచ్చేలా నేర్పిస్తున్నారు. బలవంతం లేదు, ఇష్టం లేకపోతే వెళ్లిపోతుంది. దీనికి కీపర్ కూర్చోగలిగే జాగా, గుంపు గోల లేని మూల ఉండాలి. ప్లాన్లో ముందే పెట్టుకోకపోతే తర్వాత దొరకదు.

సిమెంటు_సత్తి

గోల అన్నారు కాబట్టి: అద్దం, సిమెంటు, రేకు ఉన్న హాల్లో ఒక్క ఇనుప తలుపు వేస్తే శబ్దం ఎంతసేపు తిరుగుతుందో నాకు తెలుసు. పదిహేను చింపాంజీలు ఒకేసారి కేకలు మొదలుపెడితే పరిస్థితి ఊహించుకోండి. ఈ థ్రెడ్‌లో ఇంతమంది ఇన్ని రాశారు, ప్రతిధ్వని గురించి ఒక్కరూ రాయలేదు. చెక్కపేళ్ల పరుపు దీనికీ పనికొస్తుంది, మెత్తటిది శబ్దం మింగుతుంది.

గడ్డిపరక

ఈ శనివారం బుడోంగోకి మళ్లీ వెళ్తున్నా. పెద్దాయన గారూ, ఏం చూడమంటారు? రాత్రి హాళ్ల మధ్య తలుపులు తెరిచి ఉంచుతారా అని అడిగితే చెప్తారా?

పాత_కీపరు

గైడ్‌ని అడక్కు, బకెట్ పట్టుకున్నవాణ్ని అడుగు. తప్పకుండా చెప్తాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి సంతోషంగా చెప్తాడు.

గేటు తెరిచిన వెంటనే వెళ్లు. ఊడ్చేలోపు రాత్రి కట్టుకున్న పక్కలు అలాగే ఉంటాయి. పైన ఎన్ని, నేల మీద ఎన్ని లెక్కపెట్టు. అన్నీ ఒకే హాల్లో ఉన్నాయా, మూడింట్లోనూ ఉన్నాయా చూడు. ఎవరికీ దగ్గర కాకుండా ఒంటరిగా ఒక పక్క ఉంటే అది ఏ తలుపుకి దగ్గరగా ఉందో కూడా రాసుకో.

సిమెంటు_సత్తి

ఆ పై అరల ఎత్తు కూడా కంటి అంచనాతో రాయండి బ్రదర్. ఫోటోలో మనిషి పక్కన నిలబడితే చాలు, మిగతా లెక్క నేను కడతా.